రెండు ఆవుల బరువెత్తే బండి

మా తాత సీట్లో కూర్చుని పిడి లాగాడంటే, ఆయన లోడరు భూగోళాన్ని బకెట్లోకి ఎత్తి, చంద్రుడి పెరట్లో గుమ్మరించి, భోజనం వేళకి ఇంటికొచ్చేసేది. భూగోళంతోపాటు తను పనిచేసే డెయిరీ కూడా పోతుందని ఊరుకున్నాడంతే.

లోడరు కొనకముందు తాతా, ఆయన తమ్ముడూ ఆ డెయిరీ కొట్టంలో పారలతో పేడ ఎత్తేవాళ్ళు. ఒక పొద్దున చిన్నతాతకి నడుం పట్టేసి, చెప్పులు తొడుక్కోవడానికి కూడా వంగలేకపోయాడు.

"ఇంక నువ్వు పార ముట్టుకోకురా. మిషను కొందాం," అన్నాడు తాత. ఆ మాట మనసులోంచే అన్నాడు.

దుకాణంలో స్కిడ్ స్టీర్ లోడర్లు, అంటే ఉన్నచోటే గిర్రున తిరిగేవి, మూడు సైజుల్లో నిలబెట్టి ఉన్నాయి. చిన్నది ఎదిగిన దూడంత బరువు ఎత్తుతుంది గానీ లారీ అంచుకి అందదు, ట్రాలీలో పోసుకోవాల్సిందే. మధ్యది ఒక ఆవు బరువు. పెద్దది రెండు ఆవుల బరువెత్తి లారీలో అవలీలగా పోసేస్తుంది. తాత కళ్ళు పెద్దదానికే అతుక్కుపోయాయి.

"అన్నయ్యా, కొట్టం తలుపు ఇరుకు. చిన్నది తీసుకుందాం. నాలుగుసార్లు ఎక్కువ తిరుగుతుంది, దానికేమన్నా నడుం నొప్పా?"

"నోర్ముయ్‌రా. ఏనుగునిస్తామంటే మేకనడుగుతావేం? అన్నీ కొలుచుకునే వచ్చాను."

కొలిచిన మాట నిజమే. చేతులు బార్లా చాపి తలుపు కొలిచాడు. దుకాణంలోనూ అలాగే చాపి, పెద్దదాన్ని టైరు నుంచి టైరుకి కొలిచాడు. సరిపోయింది. కానీ ఆ పూట దుకాణంవాళ్ళు దాని బకెట్టు విప్పి పక్కన పెట్టారు. టైర్లు నడిచే దారంతా ఊడ్చుకుపోవాలి కనక బకెట్టు వాటికంటే వెడల్పుగా ఉంటుందన్న సంగతి, అది తలుపు స్తంభాలకి ధడేల్మని గుద్దుకున్నాక తెలిసింది.

"ఏం పెద్దాయనా, ఏనుగు లోపలికి రానంటోందా?" అన్నాడు డెయిరీ యజమాని.

చిన్నతాత మాత్రం నవ్వలేదు. "మార్చుకుందాం అన్నయ్యా. దీనికింకా పేడైనా అంటలేదు. చిన్నదిచ్చేస్తారు."

"ఇస్తారు. పళ్ళికిలిస్తారు కూడా. కొన్నాళ్ళు నువ్వు లోపల్నించి తలుపుదాకా లాగిపెట్టు, బయట నేనెత్తుతాను. తర్వాత చూద్దాంలే."

ఆ 'తర్వాత' అన్నది రానేలేదు. లోపల తమ్ముడు వంగి పార లాగేవాడు, బయట అన్న దర్జాగా కూర్చుని పిడి లాగేవాడు. దూడ బరువైనా లేని పేడని రెండు ఆవుల బలంతో ఎత్తేవాడు. వానాకాలంలో ఒక్కోసారి తాత దిగివచ్చి, "ఇలా ఇవ్వరా, కాసేపు నేను లాగుతాను," అనేవాడు. "నువ్వు దిగితే నీ ఏనుగు చిన్నబుచ్చుకుంటుంది, పో," అనేవాడు చిన్నతాత. తాత వెళ్ళి మళ్ళీ ఎక్కేవాడు. ఎందుకు వెళ్ళానా అని ఇప్పుడు కుమిలిపోతుంటాడు.

చిన్నతాత ఇప్పుడు నడుస్తుంటే నేల మీద ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టుంటాడు. ఎవరైనా పలకరిస్తే మెడ ఒక్కటే పైకెత్తి చూస్తాడు. అందుకని తాత ఆయనతో నిలబడి మాట్లాడడు. ముందు తను నేల మీద చతికిలబడి, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు.

ఇదంతా రాసి తాతకి చదివి వినిపించాను. ముసలాయన బాధపడతాడేమోనని చివర్లో ఒక ముక్క నేనే కలిపాను: చిన్నతాత నడుం వయసు మీదపడి వంగింది, అని.

"వాడు నాకంటే చిన్నోడే. నేను నిటారుగానే ఉన్నానుగా? కొట్టెయ్ ఆ మాట," అన్నాడు తాత.