బాపు పెట్టిన లొట్టి పరీక్ష

“మెడ దాకా కల్లు నింపిన లొట్టిని నీ కారుల పెట్టుకొని తాటివనం కాడికెళ్లి ఇంటిదాక తే. ఒక్క బొట్టు కిందపడకుండ తెస్తివా, కారెక్కుత. లేకుంటె ఆ దవాఖాన ముచ్చట నా ముంగట ఎత్తకు.”

ఈ మాట అన్నప్పుడు బాపు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నా మొహం కూడా చూడలేదు. నాకు చర్రున కోపం వచ్చింది. కోపం నాకు మామూలుగానే తొందరగా వస్తుంది. బస్సు కండక్టర్ ఉద్యోగం నాది. చిల్లర కోసం పొద్దంతా గొంతు చించుకునేదానికి ఓపిక ఎక్కడ మిగులుతుంది? “సరే బాపూ, తెస్త. తేకపోతె నన్ను నీ బిడ్డ అనకు” అని అక్కడికక్కడే మాట ఇచ్చేశాను. అమ్మ తల కొట్టుకుంది. తండ్రీ బిడ్డలు ఇద్దరూ మొండిఘటాలేనని ఆమె ఏనాడో తేల్చేసింది.

రామన్నపేటకు దగ్గర్లో మాది చిన్న ఊరు. బాపు బతుకంతా తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం పొద్దున, నడుముకు కట్టుకున్న మోకు జారి చెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము దెబ్బతిని, కాళ్లలో సత్తువ పోయింది. నల్లగొండ దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. వారం వారం తీసుకొచ్చి వ్యాయామం చేయిస్తే బాపు తనంతట తాను లేచి కూర్చోగలడు, చక్రాల కుర్చీలోకి మారగలడు. మంచం మీదే వదిలేస్తే మిగిలిన జన్మంతా మంచమే.

నా దగ్గర పాత కారు ఒకటి ఉంది. ఎరువుల దుకాణం ఆయన చాలా ఏళ్లు వాడి అమ్మేస్తే కొన్నాను. ఆ కారులోనే బాపును మొదటిసారి నల్లగొండకు తీసుకుపోయాను. దారిలో పత్తి మిల్లు ముందు ఒక బ్రేకర్ ఉంది. దాన్ని బ్రేకర్ అనడం కూడా తప్పే, రోడ్డుకు అడ్డం పోసిన గట్టు అది. ఎంత మెల్లగా ఎక్కించినా కారు ధడేలున పడింది. బాపు అరిచాడు. నలభై ఏళ్లు తాళ్లెక్కిన మనిషి, చెట్టు మీది నుంచి పడ్డప్పుడు కూడా పెదవి కొరుక్కొని ఊరుకున్న మనిషి, చిన్న పిల్లాడిలాగా అరిచాడు. ఆ కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇంటికి వచ్చాక గోడవైపు తిరిగాడు. “ఇగ నన్ను కదిలియ్యకు బిడ్డా” అన్నాడు. అంబులెన్సు కిరాయికి తెస్తే దాని పేరు వినగానే మంచం కోడు పట్టుకొని వదల్లేదు. వారాలు గడుస్తున్నాయి. కాళ్లు ఇంకా సన్నబడుతున్నాయి. రోజూ చూస్తూ ఎట్లా ఊరుకునేది?

మళ్లీ దవాఖానకు పోదామంటేనే బాపు ఈ లొట్టి పరీక్ష పెట్టాడు, అందుకే కారు పని పట్టాను. నార్కెట్‌పల్లి దాటాక హైవే పక్కన ఒక షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ కారును జాకీ మీద లేపి, చక్రాలు ఊడదీసి చూపించాడు. వెనక ఉన్నవి బరువు బండ్లకు వేసే గట్టి స్ప్రింగులు. అవి చాలవన్నట్టు స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు ఇరికించి ఉన్నాయి. మా దిక్కు కారు కొన్నవాళ్లు మొట్టమొదట చేయించే పని ఇదే. కారంటే మనుషులు కూర్చునేదని ఎవరూ అనుకోరు. ఎరువు బస్తాలు, విత్తనం సంచులు, పెళ్లికి బియ్యం, చివరికి ఎక్కడైనా జాగా మిగిలితే అత్తగారు. అంత బరువుకు కారు కడుపు రోడ్డుకు తాకితే నామర్దా. అందుకని దిమ్మలు పెట్టించి ఎత్తు లేపుతారు.

“అక్కా, గీ దిమ్మలు తీస్తె బండి కిందికి కూసుంటది. ఎత్తుంటెనే బండికి ఇజ్జత్” అన్నాడు మెకానిక్.

“బండి ఇజ్జత్ నాకెందుకు తమ్మీ? మా బాపు నడుము సంగతి చూడు. తియ్యి.”

“తీస్త. మరి స్ప్రింగులు ఎసొంటియి ఎయ్యాలె?”

“ఎంత మెత్తగ దొరికితె అంత మెత్తటియి ఎయ్యి.”

అదీ నా తెలివి! గట్టిగా ఉంటే నొప్పి, మెత్తగా ఉంటే సుఖం అనుకున్నాను. సాయంత్రం ఇంటికి నడుపుకుంటూ వస్తుంటే పరుపు మీద కూర్చున్నట్టే ఉంది. పాట కూడా పాడుకున్నాను.

మరుసటి రోజు డ్యూటీ దిగి తాటివనానికి పోయాను. బాపు చెట్లను ఇప్పుడు మా చిన్నాయిన గీస్తున్నాడు. సంగతి చెబితే నన్ను ఎగాదిగా చూశాడు. “మతి మీ బాపుకు పోయిందా, నీకు పోయిందా?” అన్నాడు. అంటూనే మట్టి లొట్టిలో మెడ దాకా కల్లు పోసి ఇచ్చాడు. వెనక సీటు మీద పాత చీరను చుట్టలా చుట్టి, దాంట్లో లొట్టిని కుదురుగా పెట్టి బయలుదేరాను. మొదటి గుంత దగ్గర దెబ్బ తెలియనే లేదు. తెలియలేదని సంతోషపడేలోపు కారు ఊగడం మొదలుపెట్టింది. కిందికి, మీదికి, మళ్లీ కిందికి. ఆ ఊపు ఆగకముందే ఇంకో గుంత. మలుపులో కారు మొత్తం ఒక పక్కకు ఒరిగింది, లొట్టి పోయి తలుపుకు ఆనుకుంది. ఇంటి ముందు అమ్మ వెనక తలుపు తీస్తే కల్లు ఆమె కాళ్ల మీద పారింది.

“వాసన ఈడిదాక వచ్చింది” అన్నాడు బాపు లోపలి నుంచి. “ఇగ నన్ను పండుకోనియ్యి.”

పండుకోనిస్తానా! ఆ వారమంతా బస్సులో నిలబడి టిక్కెట్లు కొడుతూ ఇదే ఆలోచన. మా బస్సుల్లో కొన్ని గుంతలో పడ్డాక చాలాసేపు ఊగుతాయి, నేను రాడ్డు పట్టుకోక తప్పదు. కొన్ని ఒక్కసారి కుంగి, లేచి, కుదురుకుంటాయి. వాటిలో చేతులు వదిలేసి టిక్కెట్లు కొట్టొచ్చు. నా కాళ్లకు ఇన్నేళ్లుగా తెలిసిన తేడా నా బుర్రకు అప్పుడు ఎక్కింది. స్ప్రింగు దెబ్బను మింగుతుంది అంతే. ఊపును ఆపేది వేరే. పిల్లను పండబెట్టిన తొట్టెలను ఊపి వదిలితే ఊగుతూనే ఉంటుంది కదా, చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ఉండాలి. ఇంటికి పోయి కారు మూల మీద బరువంతా వేసి నొక్కి వదిలాను. ఆగకుండా ఊగింది. ఆ చెయ్యి లేదు నా కారుకు.

మళ్లీ షెడ్డుకు పోయాను. మెకానిక్ తలుపు తీసి ముక్కు మూసుకున్నాడు. “అక్కా, బండికి తాగుడు అలవాటైందా ఏంది?”

“నువ్వు సక్కగ బాగు చేసినవ్ కద, సంబురపడి తాగింది. షాక్ అబ్జార్బర్లు చూడు.”

చూశాడు. వాటి నుంచి నూనె కారి మట్టి పేరుకుపోయి ఉంది. అయినా ఇంకో ఏడాది నడుస్తాయన్నాడు. మార్చాలంటే ముందటి రెండు మారిస్తే చాలన్నాడు. ఈ పాత బండికి ఇంత అవసరమా, అమ్మి కొత్తది తీసుకోరాదా అని కూడా అన్నాడు.

“ఎనక పండేది మా బాపు. నాలుగూ మార్చు. గ్యాసు నింపినయే ఎయ్యి. స్ప్రింగులు గీ కారుకు కంపెనీ ఎసొంటియి ఇచ్చిందో గసొంటియి తెప్పియ్యి, గట్టియి వద్దు, మెత్తటియి వద్దు. నేనిక్కడనే కూసుంట.”

స్టూలు వేసుకొని కూర్చున్నాను. కదల్లేదు. స్ప్రింగులు వచ్చాయి, నాలుగు షాక్ అబ్జార్బర్లు వచ్చాయి. వాటి మీద కూర్చునే రబ్బర్లు ఎండి పగిలి ఉంటే అవీ మార్పించాను. చక్రాలను పట్టి ఉంచే ఇనుప కడ్డీల్లోని బుష్‌లు అరిగి కటకటమంటుంటే అవీ మార్పించాను. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో యంత్రం మీద పరీక్ష చేయించాను. టైర్లలో గాలి ఎక్కువ కొట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపాను. అతను నన్ను లోలోపల ఎన్ని తిట్టుకున్నాడో తెలియదు గానీ పని మాత్రం శుభ్రంగా చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే గుంతల మీదుగా నడిపాను. కారు కుంగింది, లేచింది, ఆగింది. అంతే. మలుపులో ఒరగలేదు. నా కాళ్లు చెప్పాయి, ఇది మంచి బస్సని. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. నాకు కోపమే కాదు, ఏడుపు కూడా తొందరగానే వస్తుంది.

తెల్లారి మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా వనానికి పోయాను. చిన్నాయిన పొద్దున దించి పెట్టిన కల్లు లొట్టిలో పోశాడు. దుమ్ము పడొద్దని అద్దాలు ఎక్కించి బయలుదేరాను. ఎంత బాగా నడిచిందనుకున్నారు! గుంత దగ్గర అద్దంలో చూస్తే లొట్టి కదిలితే ఒట్టు. ఇంటి ముందు గర్వంగా ఆపి తలుపు తీశాను. చీర చుట్ట తడిసిపోయి ఉంది. లొట్టి అంచు మీది నుంచి సన్నగా కారుతోంది.

“తడిసిందా?” అన్నాడు బాపు.

నేను తడి చీరను బయటికి తీసి పిండాను. “తడిసిందన్నట్టే” అని తనే అనుకున్నాడు.

కారు టైరును ఫెడీమని తన్నాను. నా కాలే నొచ్చింది. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. నా కళ్ల ముందు తొణకని లొట్టి ఎట్లా కారింది? మళ్లీ వనానికి పోయాను. ఇంకో లొట్టి నింపించి, సీటు మీద పెట్టి, అద్దాలు మూసి, కారు స్టార్ట్ చేయకుండా పక్కన నిలబడి చూశాను. ఎండ మండుతోంది. కాసేపటికి కల్లు మీద నురగ లేచింది. మెడ దాటింది. అంచు దాకా వచ్చింది. తర్వాత, కదలని కారులో, కదలని లొట్టి నుంచి, కల్లు పొంగి నెమ్మదిగా సీటు మీదికి జారింది.

ఓసి నా పిచ్చిదానా! గౌండ్ల ఇంట్లో పుట్టి, కల్లు వాసన మధ్య పెరిగి, ఎండకు కల్లు పొంగుతుందని మరిచిపోతానా? చిన్నాయిన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను మరిచిపోయానంటే సరే. నలభై ఏళ్లు లొట్లు మోసిన మనిషి మరిచిపోతాడా?

ఇంటికి పోయి బాపు మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

“ఇప్పుడు ఇంకో లొట్టి నింపిన బాపూ. బండి స్టార్ట్ చెయ్యలే. నిలబెట్టిన కాడనే ఉన్నది. అయినా కల్లు పొంగింది.”

బాపు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

“పొంగుతదని నీకు ముందుగాల్నే ఎరుక.”

దుప్పటి తీసి నా వైపు తిరిగాడు. ఎన్నో వారాల తర్వాత నా మొహం చూశాడు. “ఎరుకనే బిడ్డా. నువ్వు ఇసిగి ఊకుంటవనుకున్న” అన్నాడు. “చెట్టు మీదికెళ్లి ఒక్కసారే పడ్డ. గా బండిల బ్రేకర్ బ్రేకర్‌కు పడ్డ. మళ్ల పడాల్నంటె భయమైతాంది.”

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. గీత పనితో మొద్దుబారిన ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో!

“నీళ్లు పోసి తెస్త. నీళ్లు పొంగయి కద. మంచం వాకిట్ల ఏయిస్త, నువ్వే నీ కండ్లతోటి చూడు.”

ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే. అమ్మా నేనూ మంచాన్ని వాకిట్లోకి తెచ్చాం. అమ్మను సాక్షిగా వెనక సీట్లో కూర్చోబెట్టి, లొట్టికి మెడ దాకా నీళ్లు పోసి, వనం దాకా పోయి తిరిగి వచ్చాను. లొట్టిని బాపు ముందు పెట్టాను. ఆయన చీర చుట్టను తడిమి చూశాడు. పొడిగా ఉంది. లొట్టిలో వేలు ముంచి మెడ దగ్గర నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూశాడు. ఇంకోసారి చూశాడు.

“రేపు ఎన్ని గంటలకు పోవాలె?” అన్నాడు.

తెల్లారి అమ్మ వెనక సీట్లో కూర్చుంటే, ఆమె ఒళ్లో తల పెట్టించి బాపును పడుకోబెట్టాం. ఆయనకు రోడ్డు కనబడదు, కిటికీలోంచి ఆకాశం, తాటి తలలు మాత్రం కనబడతాయి. “గీ తాళ్లను ఎవ్వరు గీస్తలేనట్టున్నది” అని ఒకసారి అన్నాడు. చిట్యాల దాటాం. పత్తి మిల్లు కనబడింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా గేరు తగ్గించాను. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి, కారు ఒకసారి కుంగి కుదురుకుంది. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. అద్దంలో అమ్మ కళ్లు గట్టిగా మూసుకొని ఉంది. కేక కోసం ఒళ్లంతా చెవులు చేసుకొని నడుపుతున్నాను. రాలేదు.

కొంత దూరం పోయాక బాపు గొంతు వినిపించింది. “బిడ్డా, గా మిల్లు కాడి బ్రేకర్ వచ్చే ముందుగాల జర చెప్పు. పండ్లు బిగబట్టుకుంట.”

“అది ఎప్పుడో దాటినం బాపూ.”

అద్దంలో అమ్మ బాపుకు అవునని తలూపడం కనిపించింది.

“అయితె గింత మెల్లగ నడుపుతున్నవేంది?” అన్నాడు. “జల్ది పోనియ్యి. దవాఖానల లైను పెరుగుతది.”