గోకకు పిల్లా

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, శివరాత్రి తెల్లారి సోమవారం, పగలు పదకొండున్నర. నిజామాబాద్‌లో ఒక దవాఖాన, మగవాళ్ళ వార్డు. కిటికీలోంచి ఎండ వచ్చి మా ఆయన మంచం మీద పడుతోంది. ఎండ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, దయ్యాల ముచ్చట్లన్నీ చీకట్లోనే జరుగుతాయి. నాది పట్టపగలు జరిగింది.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా ఊళ్ళో ఎవరికన్నా పూనకం వస్తే చెంబుతో నీళ్ళు పట్టుకొని పోయేదాన్ని, మొహాన కొట్టడానికి. ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే. అక్షరాలు నాకు నలభై దాటినంక సాయంత్రం బడిలో వచ్చాయి. కల్పించి రాసేంత చదువు నాకు లేదు.

ముందు మా మామ గురించి చెప్పాలి. మాది ఎడపల్లి దగ్గర పల్లె. చెరుకు పండించేవాళ్ళం. ఫ్యాక్టరీకి పోయింది పోను, మిగిలిన చెరుకుతో మామ బెల్లం వండేవాడు. ఆయన కోడళ్ళతో నేరుగా మాట్లాడే మనిషి కాదు. నీళ్ళు కావాలన్నా అత్తతో చెప్పేవాడు, అత్త నాతో చెప్పేది. నేను ఆయన ఎదుటపడితే కొంగు నెత్తిమీదికి లాక్కునేదాన్ని. ఆయన పేరు, మా ఆయన పేరు నోటితో పలికేదాన్ని కాదు. మా ఇండ్లల్లో అదే పద్ధతి.

నేరుగా నాతో అన్న మాట ఒక్కటే ఉంది. అది బెల్లం వండే పెద్ద పెనం దగ్గర.

చెరుకు రసం మరిగి చిక్కబడేటప్పుడు పెనం అంచుకు పాకం అంటుకొని గడ్డకడుతుంది. చూసేవాళ్ళకు దాన్ని గోకి లోపల వేయాలనిపిస్తుంది. వేస్తే పని పాడైనట్టే. ఆ చిన్న గడ్డ ఎక్కడ పడితే అక్కడినుంచి పాకమంతా ఇసుకలాగా పలుకు కట్టుకుంటూ పోతుంది. పెళ్ళయిన ఏడు నేను గరిటె తీసుకొని అంచు మీదికి పోనిస్తే, వెనకనుంచి అరిచాడు.

“గోకకు పిల్లా! గడ్డ ఊడి లోపట పడ్తది!”

నేను మళ్ళీ ఎన్నడూ గోకలేదు. ఆయన మాత్రం ప్రతి ఏడూ, నేను పెనం దగ్గరికి పోతే చాలు, అదే మాట అనేవాడు. పొయ్యి పొగకు బొంగురు పోయిన గొంతు. ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. అట్లాగే ముసలివాడై, పంతొమ్మిది వందల తొంభై మూడులో పోయాడు.

ఇక దవాఖాన సంగతి.

ఆ చలికాలం మా దిక్కు ఒక జ్వరం తిరిగింది. అందరికీ ముక్కు కారి, దగ్గొచ్చి, నాలుగు రోజులకు పోయింది. మా ఆయనకు ఛాతీలోకి దిగింది. ఊపిరి ఆడక, కూర్చుంటే పడుకోలేక, పడుకుంటే లేవలేక అయ్యాడు. నిజామాబాద్ తీసుకొచ్చాం. వైరస్ జ్వరం, రెండు ఊపిరితిత్తులకూ పట్టింది అన్నాడు డాక్టర్. ఆ మాట రాయడం నాకు ఇప్పటికీ కష్టం. వినడం మాత్రం ఒక్కసారే సరిపోయింది.

చేర్చేటప్పుడు నర్సు పేషెంటు పేరు అడిగితే నేను నిలబడి చూశాను. మా ఒదినె, అంటే మా ఆయన అక్క, చెప్పింది. నర్సు నన్ను చూసి నవ్వింది.

ముక్కుకు గొట్టం పెట్టారు, సెలైన్ ఎక్కించారు. మూడు నాలుగు రోజులు ఆశ లేదు. తర్వాత జ్వరం నెమ్మదిగా దిగివచ్చింది. గొట్టం తీశారు. లేపి కూర్చోబెట్టండి, నాలుగు అడుగులు నడిపించండి, నీళ్ళు బాగా తాగించండి అని డాక్టర్ చెప్పి పోయేవాడు. ఒదినె ఒప్పుకునేది కాదు.

“సచ్చి బతికిన మనిషిని నడిపియ్యాల్నంట! నువ్వు పండు తమ్మీ, కాలు కింద వెట్టకు. అన్నీ మంచంలనే.”

నీళ్ళు కూడా అంతే. నీళ్ళు తాగితే దగ్గు తిరగబెడుతుందని గొంతు తడిపేవరకే పోసేది. నేనూ అడ్డం చెప్పలేదు. జ్వరం మనిషిని కదలనియ్యకూడదని మా అందరికీ తెలిసిన సంగతే అనుకున్నాం.

శివరాత్రి నాడు మా ఆయనకు ఎడమ పిక్క పట్టుకుంది. తెల్లారి పొద్దున చూస్తే వాచినట్టుంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. డాక్టర్ వచ్చి ఛాతీ చూసి, రేపు ఇంటికి పోవచ్చు అన్నాడు. నేను కాలు సంగతి చెప్పబోతే మా ఆయన దుప్పటి కప్పేసుకున్నాడు. డాక్టర్ పోయినంక నా మీద కోప్పడ్డాడు.

“నీ నోరు ముయ్యవేందే! కాలు జూపిస్తే ఇంకో వారం ఉంచుతరు. అక్కడ చెరుకు ఎండుతున్నది. పండి పండి నరం పట్టింది, గంతే.”

ఒదినెకు తోచిన మందు ఆముదం. కింద చాయ్ హోటల్లో గిన్నె పెట్టి వెచ్చబెట్టుకొని వచ్చింది. గట్టిగా పామితే నరం విడుస్తుంది అంది. ఆమెకు చేతుల్లో సత్తువ లేదు, నన్ను పామమంది. బెల్లం పెనాలు ఎత్తిన చేతులు నావి. మా ఆయన బోర్లా పడుకున్నాడు. నేను మంచం అంచున కూర్చొని, రెండు చేతులు ఆముదంలో ముంచి, పిక్క మీద పెట్టాను. ఇంకా ఒత్తలేదు.

“గోకకు పిల్లా! గడ్డ ఊడి లోపట పడ్తది!”

నా వెనక, తలుపు దిక్కునుంచి. అదే బొంగురు గొంతు. పెనం దగ్గర ఎంత గట్టిగా అరిచేవాడో అంత గట్టిగా.

ఆముదం చేతులతోనే కొంగు నెత్తిమీదికి లాక్కున్నాను. ఆ చీరకు మరక చాలా రోజులు ఉంది. లాక్కున్నాక వెనక్కి చూశాను. తలుపు దగ్గర ఎవరూ లేరు.

“ఏమాయెనే లచ్చవ్వా? పాము! సల్లారిపోతది,” అంది ఒదినె. ఆమె నా పక్కనే, చేయి అందేంత దూరంలో ఉంది. ఆమెకు ఏమీ వినబడలేదు.

నేను గిన్నె కింద పెట్టాను. పామను అన్నాను. ఎందుకు అంటే ఏం చెప్పాలి? డాక్టర్‌ను పిలుచుకొస్తాను అన్నాను. మా ఆయన తిట్టాడు. ఒదినె అయితే గిన్నె తానే తీసుకొని, “మొగని కాలు వట్టనీకి ఒళ్ళు వంగదు గని, డాక్టర్ కాడికి ఉరుకుతదట!” అంది. నేను ఆమె చేతిలోంచి గిన్నె గుంజుకొని కిటికీలోంచి బయట పారబోశాను. ఆ ఇంటికి కోడలిగా పోయినంక ఆమెకు నేను ఎదురు తిరిగింది అదే మొదటిసారి.

డాక్టర్ పోబోతూ మెట్ల దగ్గర దొరికాడు. వచ్చి దుప్పటి తీసి చూశాడు. టేపు పెట్టి రెండు పిక్కలూ కొలిచాడు. మొహం మారింది. ఎవరన్నా పామారా అని అడిగాడు. లేదు అన్నాను.

“మంచి పని చేశావమ్మా. కాలి నరంలో రక్తం గడ్డ కట్టినట్టుంది. పామి ఉంటే గడ్డ ఊడి లోపలికి, ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఇక్కడే పోయేవాడు.”

గడ్డ ఊడి.

తర్వాత ఆయన వివరంగా చెప్పాడు. ఇట్లాంటి జ్వరం పట్టి దవాఖానలో పడ్డవాళ్ళలో కొందరికి రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుందట. మనిషి కదలకపోతే కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది. నీళ్ళు చాలకపోతే ఇంకా చిక్కబడుతుంది. ఛాతీ బాగయిందని అందరూ సంతోషపడే రోజుల్లోనే కాలు మోసం చేయవచ్చట. ఒక్క కాలు వాచినా, ఉన్నట్టుండి దమ్ము వచ్చి ఊపిరి ఆడకపోయినా దాచకుండా చెప్పాలి అన్నాడు. నాకు బెల్లం పెనం కళ్ళముందు కనబడింది. చిక్కబడ్డది, కదలక నిలబడ్డది, అంచుకు పట్టింది. ఒదినె తల వంచుకొని విన్నది.

రక్తం పలుచబడడానికి సూదులు వేశారు, కాలు ఎత్తు మీద పెట్టించారు. స్కానింగ్‌లో గడ్డ కనబడింది. ఇంటికి పోవడం రేపు కాదు, ఇంకా చాలా రోజులు పట్టింది. చెరుకు కొంత ఎండింది. మనిషి మిగిలాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు, ఎన్నో పంటలు తీశాడు.

డాక్టర్‌కు నేను విన్న సంగతి చెప్పాను. ఎగతాళి చేయలేదు. రాత్రంతా జాగారం, ఒక్కపొద్దు, భయం. మనసు లోపల ఉన్న మాటే బయట వినబడ్డట్టు ఉంటుంది అన్నాడు. ఆ మాట నేను కొట్టిపారేయను. అయితే నేను గోకడం లేదు, పామబోతున్నాను. నా మనసే కల్పిస్తే “పామకు” అని కల్పించేది కదా? గోకకు అని ఎందుకు వినబడాలి?

ఇంకోటి ఉంది. పక్క మంచం మనిషికి తోడున్నది సుమన్ బాయి, ధర్మాబాద్ దిక్కు మరాఠీ ఆమె. తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. నేను పామబోయేటప్పుడు ఆమె మాకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి, పెనిమిటికి గంజి పోస్తోంది. నేను వెనక్కి చూసినప్పుడు తలుపు దగ్గర ఎవరూ లేరన్నాను కదా. అప్పుడే ఆమెనూ చూశాను. గంజి గిన్నె ఒక చేతిలో ఉంది. రెండో చేత్తో కొంగు నెత్తిమీదికి లాక్కుంటోంది. పెద్దమనిషి వచ్చినప్పుడు ఆడవాళ్ళం లాక్కున్నట్టు.

డాక్టర్ పోయినంక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“సాస్రే గేలే కా?”

మీ మామ పోయాడా అని. ఆ గొంతు మామదని ఆమెకు ఎట్లా తెలిసిందో నేను అడగలేదు.

“పోయిండు,” అన్నాను. రెండు రకాలుగానూ నిజమే.

ఒదినెకు ఈ ముచ్చట ఇంటికి వచ్చినంక చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఏడ్చింది. “మా బాపు ఒస్తే కన్నబిడ్డను నేను పక్కనే ఉండంగ, కోడలికి జెప్తడా?” అని. ఎంత సముదాయించినా ఆ కష్టం ఆమెకు పోలేదు. నాకు ఒక్కటి తోస్తుంది: ఆ మాటకు చేయి ఆపే అలవాటు నాకే ఉంది. ఆమె ఎప్పుడూ పెనం దగ్గరికి రాలేదు. అది జవాబు కాదని నాకు తెలుసు.

ఇంతకంటే నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళ పేర్లు రాసి ఆపుతాను, అబద్ధమనుకునేవాళ్ళ కోసం. మంచం మీద మా ఆయన, సాయిలు. పక్కన ఒదినె, నర్సవ్వ. రెండో మంచం దగ్గర సుమన్ బాయి. ఆ మంచం మీద ఆమె పెనిమిటి. ఆయన పేరు నాకు తెలియదు, ఆమె పలకలేదు, వాళ్ళ ఇండ్లల్లోనూ అదే పద్ధతి. టేపు పట్టుకొచ్చిన డాక్టర్ శ్రీధర్ సార్. నేను, లచ్చవ్వ.

ఇంకొకరు ఉన్నారో లేరో చెప్పలేను. ఉంటే ఆయన పేరు నేను ఈ రోజు వరకు నోటితో పలకలేదు, ఇక పలకను. రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఇంటి కోడలికి ఒకనాడు రాయడం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

పోశెట్టి.