మసూరు పటం గీసిన హైఫా

సిరియాలో అలెప్పో అవతల, పంటల పరిశోధన కేంద్రంలో హైఫాదీ నాదీ ఒకే బల్ల. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మసూరు పప్పు మొక్కల ఆకులు నూరి డీఎన్‌ఏ తీసి, బఠాణీలో ముందే దొరికిన గుర్తులు ఇందులోనూ ఉన్నాయా అని వెతికేవాళ్లం. అవి ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతలుగా పడేవి. ఏ గుర్తు పక్కన ఏది ఉందో వరసగా గీస్తే అదే మసూరు పటం. చాలా దూరం రెండు పంటల్లోనూ ఒకటే వరస. ఎక్కడో ఒక ముక్క తిరగబడి ఉండేది. అది కనిపించిందంటే చాలు, హైఫా తడి ఫిల్ము పట్టుకుని పరుగెత్తుకొచ్చేది.

"ఒసేయ్ సుమయ్యా, చూడవే! ఇక్కడ చుట్టాలు విడిపోయారు!"

ఆ పనికి గండం ఇంట్లోంచే వచ్చింది. తండ్రి లేని హైఫాను పెంచింది బాబాయి అబూ ముంజిర్, పప్పుల వ్యాపారి. ఉద్యోగం మాన్పించి తన కొడుకు ముంజిర్‌కి చేసుకోవాలని ఆయన పట్టు. మా అరబ్బుల్లో పిల్లని చేసుకోవడానికి బాబాయి కొడుకుదే మొదటి హక్కు, అతనే వదులుకుంటే తప్ప.

ఒకరోజు తండ్రీకొడుకులు కేంద్రానికే వచ్చేశారు. ముంజిర్ పిస్తా మిఠాయి పెట్టెతో గుమ్మంలోనే ఆగిపోయాడు. మంచివాడు, నోట్లో నాలుక లేదు. అబూ ముంజిర్ ఫిల్ము ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఏమిటే ఈ గీతలు?"

"ఇటు బఠాణీవి, అటు మసూరువి బాబాయ్. రెండూ ఒకే వంశం."

"చూశావా! గింజలే సొంతవాళ్లని అంటిపెట్టుకున్నాయి. నీకేం వచ్చింది మాయరోగం?"

"వాటికి పెళ్లి చెయ్యం కదా! ఈ గుర్తుల పటం గియ్యాలంటే తేడా ఉన్న జంటని కలపాలి బాబాయ్. అందుకే మసూరుకి కొండల్లోంచి అడవి మసూరుని తెస్తాం. ఇద్దరి గీతలూ ఒక్కలాగే ఉన్నాయనుకోండి, ఇక చదవడానికేం ఉండదు."

అందరం పగలబడి నవ్వాం. "నా పప్పులతోనే నా నోరు మూయించింది!" అంటూ అబూ ముంజిర్ కూడా నవ్వేశాడు. ముంజిర్ నవ్వలేదు. పెట్టె బల్ల మీద పెట్టాడు.

"అంటే నాలో చదవడానికేం లేదన్నమాట హైఫా." తండ్రి వైపు తిరిగాడు. "పద నాన్నా. నా హక్కు నేను వదిలేసుకుంటున్నా."

అలా ఉద్యోగం నిలిచింది. యుద్ధం వచ్చి మమ్మల్నందరినీ చెల్లాచెదురు చేసేదాకా హైఫా ఆ గీతలతోనే గడిపింది. పెళ్లి చేసుకోలేదు. అందరూ గెలిచిందనే అనుకున్నారు. ముంజిర్ హక్కు వదులుకున్న ఆ సాయంత్రం, ఇంటికెళ్లే బస్సులో నా భుజం మీద తల వాల్చి ఏం చెప్పిందో నాకొక్కదానికే తెలుసు.

"నేను వద్దన్నది ఉద్యోగం మానడాన్నే. ముంజిర్‌ని వద్దని ఎప్పుడన్నానే?"