తమ్ముడి ఇరవై ఒకటో జత

తమ్ముడు పుట్టేనాటికి అమ్మకి నలభై దాటింది, నాకు పన్నెండేళ్ళు. ఈ దీవుల్లో మేముండే బతు బస్తీలో మా చుట్టుపక్కల వాళ్ళు మగపిల్లాడని సంతోషంగా చూడ్డానికి వచ్చి, వాడి కళ్ళనీ పొట్టి వేళ్ళనీ చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. డౌన్ సిండ్రోమ్ అని డాక్టరు నాన్నతో హిందీలో చెప్పాడు. గుండెలో రంధ్రం కూడా ఉందన్నాడు. నాన్న దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో ఇంజన్ పని చేసేవాడు. ఆ మాటల్ని అమ్మకి తెలుగులో ఎలా చెప్పాలో తెలియక, "పిల్లాడు కొంచెం నెమ్మది" అని ఊరుకున్నాడు.

వాడికి నడక ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం ఆగలేదు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో పాటల పుస్తకాలు పంచడం వాడి పని. చదవడం రాదు కాబట్టి కొన్నింటిని తలకిందులుగా అందించేవాడు. పాటలన్నీ నోటికొచ్చు. అందరికంటే ఒక క్షణం వెనకబడి పాడేవాడేమో, ప్రతి చరణం చివరా వాడి గొంతొక్కటే వినిపించేది. గోల్ ఘర్ బజారులో ఏ దుకాణం ముందు నుంచి వెళ్ళినా లోపలికి వెళ్ళి చెయ్యి కలిపి గానీ కదిలేవాడు కాదు. అక్కా అనమని అమ్మ ఎంత చెప్పినా నన్ను దీదీ అనే పిలిచేవాడు.

వాడు అలా పుట్టడానికి కారణం తనేనని అమ్మ నమ్మకం. కడుపుతో ఉన్నప్పుడు వైజాగ్ నుంచి షిప్పులో తిరిగొస్తుంటే సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉందట. వాంతులు ఆగక, పక్క బెర్తులో ఆవిడెవరో ఇచ్చిన గోళీలు వేసుకుందట. వాడికి జ్వరం వచ్చినా, బడిలో చేర్చుకోకపోయినా అమ్మ ఆ గోళీల దగ్గరికే వెళ్ళేది. నాన్న పోయాక ఆ మాట మరీ ఎక్కువైంది.

నేను జువాలజీ చదివి ఇక్కడే స్కూల్లో బయాలజీ టీచర్నయ్యాను. కాలేజీ రోజుల్లో ఒకసారి, గోళీల వల్ల కాదని అమ్మకి చెప్పబోయాను. "నీ చదువు నీ దగ్గరుండనీ, ముందు వాడికి అన్నం పెట్టు" అంది.

ముప్పై దాటాక వాడికి ఆయాసం మొదలైంది. చర్చి మెట్ల మీద కూర్చుని పుస్తకాలు పంచేవాడు. మొన్నటి వానాకాలంలో కాళ్ళు వాచాయి, పెదవులు నీలంగా మారాయి. ఆపరేషన్ చేసే దశ ఎప్పుడో దాటిపోయిందన్నారు. ఆస్పత్రిలో ఆక్సిజన్ మాస్కు తీసి, వార్డులో వాళ్ళందరికీ చెయ్యి ఊపేవాడు. నర్సు మళ్ళీ పెట్టేది. ఒక ఉదయం అమ్మ వాడికి మొహం తుడుస్తుండగా పోయాడు. ఆమె ఇంకా కాసేపు తుడుస్తూనే ఉంది.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్ళకి, మధ్యాహ్నం వంటింట్లో చేపలు కడుగుతూ అమ్మ అడిగింది.

"ఆ గోళీలే గదా, పాపా?"

"కాదమ్మా."

"మరేటి? ఇన్నాళ్ళూ ఇనలేదు. ఇప్పుడు చెప్పు."

నేను కింద కూర్చున్నాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములని ఉంటాయనీ, అవి జతలు జతలుగా ఉంటాయనీ చెప్పాను. కణం రెండయ్యేటప్పుడు రెండు కొసల నుంచీ సన్నటి దారాలు వచ్చి వాటిని పట్టుకుంటాయి. గుడ్డు తయారయ్యేటప్పుడు జతలో ఒకదాన్ని ఈ కొస దారాలు పట్టాలి, రెండోదాన్ని ఆ కొసవి. అప్పుడే చెరోవైపూ వెళతాయి.

"తప్పుగా పట్టుకుంటే వదిలేసి మళ్ళీ పట్టుకుంటాయమ్మా. ఒక్కోసారి అది కూడా కుదరదు. తమ్ముడి విషయంలో ఇరవై ఒకటో జత రెండూ ఒకే పక్కకి వెళ్ళుంటాయి. నాన్న నుంచి ఇంకొకటి వచ్చి కలిసింది. రెండు ఉండాల్సిన చోట మూడయ్యాయి."

"ఇదంతా షిప్పులో జరిగిందా?"

"లేదు. వాడు నీ కడుపున పడకముందే జరిగిపోయింది. గోళీలు వేసుకునేటప్పటికే వాడు వాడే."

అమ్మ చేప పక్కన పెట్టింది. "మరి దారాలెందుకలా పట్టుకున్నాయి?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఆడవాళ్ళ గుడ్లు వాళ్ళు పుట్టకముందే తయారవడం మొదలై, ఏళ్ళ తరబడి సగంలో ఆగి ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ జతల మధ్య పట్టు సడలుతుంది. ఎవరికైనా అంతే."

"అయితే నా వయసు."

"నీ తప్పు కాదమ్మా."

అమ్మ వేళ్ళకంటుకున్న పొలుసులు తీసుకుంది. తర్వాత అడిగింది, "సరిగ్గా పట్టుకునుంటే ఈడే బాగా పుట్టుండేవాడా?"

"లేదు. వేరే పిల్లాడు పుట్టేవాడు."

"వేరేవోడు నాకెందుకు?" అంది అమ్మ. చేపల వాసన చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది.

కారణం తెలిస్తే అమ్మకి భారం దిగుతుందనుకున్నాను. గోళీల మాట నిజంగానే మానేసింది. కానీ ముప్పై ఏళ్ళుగా ఆ గోళీల మీదా తన మీదా ఉన్న కోపమే ఆమెకి ఆసరా అని నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు కోప్పడడానికి ఏమీ లేదు. గిన్నె చేతిలో పట్టుకుని ఏ పనికి లేచిందో మరిచిపోయి నిలబడిపోతోంది.

ఈమధ్య క్లాసులో ఆ పాఠం వచ్చింది. ఏటా వేసే బొమ్మే. రెండు కొసలు, మధ్యలో జతలు, వాటిని పట్టుకున్న కండె పోగులనే దారాలు. ఒక జత దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బొమ్మ సరిచూసుకుంటున్నానని పిల్లలు అనుకున్నట్టున్నారు. కాసేపటికి సుద్దముక్క కింద పెట్టి, మిగతాది పుస్తకంలో చూడమన్నాను.

ఇంటికొచ్చి ఆ సంగతి అమ్మకి చెప్పాను.

"ఆ పుస్తకంలో ఈడి లాంటోళ్ళ గురించి ఉంటాదా?"

"ఉంటుంది."

"ఏటని రాస్తారు?"

"విభజనలో జరిగిన లోపం అని."

"అయితే ఆ పిల్లలకి మనోడి గురించి చెప్పకు" అంది అమ్మ.

చెప్పనన్నాను.