మెల్లగా కట్టేయండి

నాకు పగ పట్టడం బాగా వచ్చు. మా ఇంట్లో మగవాళ్ళకు కోపం వచ్చి పోతుంది, ఆడవాళ్ళకు వచ్చి కూర్చుంటుంది. తొంభైల్లో ఢిల్లీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక మనిషి మీద నేను పగ తీర్చుకున్నాను. దానికి వాడింది ఒక తాళంచెవి, ఒక తెలుగు మాట. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ సంగతి తలుచుకుంటే నాకు కడుపు నిండినట్టే ఉంటుంది. అందులో దాచుకోవలసిందేమీ లేదు.

మా ఆఫీసు సాకేత్‌లో ఒక మేడ మీద ఉండేది. ఘాజియాబాద్‌లో ఒక పెద్ద మందుల గోదాము ఉంది, ఊళ్ళోని మందుల షాపుల నుంచి దానికి వచ్చే ఆర్డర్లన్నీ మా దగ్గర టైపు చేసేవారు. హాల్లో వరసగా తెరలు, వాటి ముందు ఆడవాళ్ళు. ఆ తెరలన్నీ కలిసేది లోపలి గదిలోని ఒక్క సర్వరుకి. బియ్యం డబ్బా అంత ఉండేది అది. ఆఫీసు మొత్తానికి ఒకే ఒక ఏసీ, అదీ దాని గదిలోనే. దాన్ని చూసుకోవడం నా పని.

సర్వరు పక్కనే ఒక చిన్న బల్ల మీద కన్సోల్ ఉండేది. నల్ల తెర, పచ్చ అక్షరాలు. యంత్రానికి నేరుగా మాట చెప్పుకునే చోటు అది. బయట తెరలన్నీ బిగుసుకుపోయినా కన్సోల్ మాత్రం చాలాసార్లు మాట వినేది. అక్కడ కూర్చుని ఆదేశాలిస్తే, యంత్రం తన దగ్గర ఉన్నదంతా డిస్కులో భద్రంగా రాసుకుని, అప్పుడు పడుకుని లేచేది. అది సాఫ్ట్ రీసెట్. రెండోది యంత్రం ముఖాన ఉండే బొత్తాం. అది నొక్కితే ఉన్నపళంగా పోతుంది, మళ్ళీ లేస్తుంది. రెండు చేతుల్లో గిన్నెలతో వడ్డిస్తున్న మనిషి ఉండగా గదిలో దీపం ఆర్పేస్తే ఏమవుతుందో, అదే అవుతుంది. దాన్ని హార్డ్ రీసెట్ అంటారు. బొత్తాం నొక్కడానికి ఒక వేలు చాలు. కన్సోల్ దగ్గర కూర్చోవడానికి మాత్రం ఓపిక కావాలి.

మా మేనేజరు హైదరాబాదు మనిషి. అంత పెద్ద ఆఫీసులో మేమిద్దరమే తెలుగువాళ్ళం. చేరిన కొత్తలో ఎంత సంబరపడ్డానో చెప్పలేను. రోజూ హిందీలో తడబడే నాకు, "ఏమ్మా, తిన్నవా?" అనే మాట వినబడితే ప్రాణం లేచి వచ్చేది. ఆయనకు ఆ ఏసీ గది చాలా ఇష్టం. సొంత ఫోన్లు అక్కడి నుంచే మాట్లాడుకునేవాడు, మధ్యాహ్నం భోజనం చేసి అక్కడే ఓ కునుకు తీసేవాడు. యంత్రం మొరాయిస్తే మాత్రం కన్సోల్ ముందు కూర్చునేవాడు కాదు. ఆయన వేలు తిన్నగా బొత్తాం మీదికే పోయేది.

ఒకసారి ఆయనతో, "సార్, రేపు కాసేపు సర్వరు కట్టేస్తాను" అన్నాను. మా గోదావరి వైపు లైటు కట్టేస్తాం, ఫ్యాను కట్టేస్తాం, పొయ్యి కట్టేస్తాం. ఆయన పగలబడి నవ్వాడు.

"కట్టేసుడేందమ్మా? ఇదేమన్న బర్రెనా కట్టేయనీకి? బంద్ చేస్త అనాలె."

బేర్ సరాయ్‌లో నాతో గదిలో ఉండే అమ్మాయిది వరంగల్. ఆమె కూడా కట్టేయడమంటే తాడుతో కట్టేయడమే అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పూట నుంచి గదిలో ఆమె లైటు బంద్ చేసేది, నేను కట్టేసేదాన్ని, ఎవరికీ ఇబ్బంది లేదు. మాట వేరయినందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. నా కోపమంతా ఆ మాటను ఆయన తరువాత వాడుకున్న తీరు మీద.

గొడవ జరిగిన రోజు కర్వా చౌత్, ఉత్తరాది ఆడవాళ్ళు భర్త కోసం ఉపవాసం ఉండి చంద్రుణ్ణి చూశాక విడిచే నోము. మన అట్లతద్దికి మర్నాడు వస్తుంది. టైపింగ్ వరసలో పెద్దావిడను అందరం దీదీ అనేవాళ్ళం. రోజూ ఆమె తెచ్చిన పరాఠాలో సగం నాది. ఆ రోజు ఆమె మంచినీళ్ళు కూడా ముట్టకుండా, చేతులకు గోరింటాకుతో, పొద్దున్నే వచ్చి కూర్చుంది. చంద్రుడు వచ్చేసరికి ఇంట్లో ఉండాలని మిగతా వాళ్ళ కంటే రెట్టింపు పని సాయంత్రంలోగా లాగేసింది. నేను గోదాములో ప్రింటరు బాగుచేయడానికి ఘాజియాబాద్ వెళ్ళాను. అక్కడికి మేనేజరు ఫోన్ చేశాడు. తెరలన్నీ ఆగిపోయాయట.

"సార్, రీసెట్ నొక్కకండి సార్" అన్నాను. "అందరి టైపింగూ ఇంకా డిస్కులోకి ఎక్కి ఉండదు. కన్సోల్ దగ్గర కూర్చుని మెల్లగా కట్టేయండి. ఏం కొట్టాలో నేను చెబుతాను, రాసుకోండి."

"ఆఁ ఆఁ, ఠీక్ హై" అన్నాడు. లైను తెగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేశాను, కలవలేదు.

బస్సులు మారి నేను వచ్చేసరికి ఆయన బొత్తాం నొక్కేశాడు. ఒకసారి కాదు, లేవకపోతే మళ్ళీ నొక్కాడు. ఆర్డర్ల ఫైలు పాడైపోయింది. దీదీ పొద్దున్నుంచీ కొట్టిందంతా గంగలో కలిసింది. గోదాముకు మర్నాటికల్లా సరుకు పంపాలి కాబట్టి ఆమె మళ్ళీ మొదటి నుంచి కొట్టింది. గొంతులో తడి లేదు, పెదాలు పగిలి ఉన్నాయి, ఏడవలేదు. మధ్యలో ఎవరో "చాంద్ నికల్ ఆయా" అన్నారు. ఆమె లేచి ఆఫీసు డాబా మీదికి వెళ్ళి, చంద్రుణ్ణి ఒక్కతే చూసుకుని, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది. కడుపు మండిపోయింది నాకు.

మర్నాడు డైరెక్టరు పిలిపించాడు. ఢిల్లీ మనిషి, చెడ్డవాడు కాదు గాని తొందర మనిషి. ఇద్దరం నిలబడ్డాం. నా ప్రొబేషన్ ఆ నెలతో ముగియాలి. నేనే ఫోన్లో ఆపేయమన్నానని, అందుకే ఆపేశానని మేనేజరు నా వైపు చూడకుండా హిందీలో చెప్పుకుపోయాడు.

"సర్, ఇసీ నే ఫోన్ పే బోలా, కట్టేయ్. ఇన్ కీ తరఫ్ కట్టేయ్ మత్‌లబ్ బంద్ కరో. తో మైనే బంద్ కర్ దియా."

తరువాత నాతో తెలుగులో, "ఏమ్మా, కట్టేయమన్నవా లేదా?"

"అన్నాను సార్, కానీ..."

"బస్. అన్నది సర్" అన్నాడు, డైరెక్టరు వైపు తిరిగి హిందీలో.

అప్పటికి నా హిందీ కూరగాయల బండి దాకానే. కోపమొస్తే నాకు తెలుగే సరిగ్గా రాదు, ఇక హిందీ ఎక్కడ. మెల్లగా అన్న మాటను హిందీలో ఎలా చెప్పాలో వెతుక్కునే లోపల డైరెక్టరు ఫోన్ ఎత్తేశాడు. ప్రొబేషన్ పొడిగించారు. ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికి పొమ్మన్నారు. డిస్కు పాడు చేసిన మనిషినని పేరు పడితే ఇంకో ఆఫీసువాడు నన్ను సర్వరు గది గడప కూడా తొక్కనివ్వడు. మేనేజరు అంతకుముందు తను నవ్విన మాటనే సాక్ష్యానికి తెచ్చాడు, దాని ముందున్న మాటను మింగేశాడు. ఇవన్నీ ఒక ఎత్తు, దీదీ నన్ను పరాఠాకు పిలవడం మానేయడం ఒక ఎత్తు. ఆమె కూడా నేనే ఆపించాననుకుంది. డబ్బా మూత తీసి, అటు తిరిగి తినేది.

నేను ఎవరితోనూ వాదించలేదు. బస్సులో, బేర్ సరాయ్ మెస్సులో, నిద్రలో కూడా ఆయన మొహమే. సర్వరుతో వచ్చిన లావుపాటి పుస్తకం మధ్యాహ్నాలు ముందేసుకుని చదివాను. అందులో దొరికింది. యంత్రం ముఖాన బొత్తాం పక్కనే ఒక తాళంచెవి ఉండేది, కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ తాకలేదు. దాన్ని ఒక పక్కకు తిప్పితే రీసెట్ బొత్తాం చచ్చిపోతుంది. ఎన్నిసార్లు నొక్కినా యంత్రం పట్టించుకోదు. మళ్ళీ తాళంచెవి తిప్పేదాకా అంతే.

తిప్పాను. తీసి చున్నీ కొసన ముడేసుకున్నాను.

దొంగదెబ్బ నాకు నచ్చదు. చెప్పే చేయాలనుకున్నాను. ఆ ఉదయం మేనేజరు హాల్లోకి వస్తుంటే, దీదీ వాళ్ళంతా వింటుండగా, "సార్, సర్వరు కట్టేశాను" అన్నాను.

ఆయన తెరల వైపు చూశాడు. "నడుస్తనే ఉంది గద?"

"నడుస్తూనే ఉంది సార్. కట్టేశాను."

"మళ్ళ షురూ చేసినవా నీ కట్టేసుడు? ఏమన్న చేస్కో" అని నవ్వుకుంటూ పోయాడు.

ఇక ఎదురుచూడటమే మిగిలింది. ఓర్చినమ్మకు తేటనీరు అనేది నాయనమ్మ. ఆ యంత్రానికి ఒక రోగం ఉండేది, పెద్ద రిపోర్టు ఒకటి అడిగితే అప్పుడప్పుడు బిగుసుకుపోయేది. దాని రోగం దానిదే, అందులో నా చేయి లేదు. ఈ మధ్యలో దీదీ వాళ్ళ మాటలు చెవిన వేసుకుంటూ నా హిందీకి పదును పెట్టుకున్నాను.

ఒకరోజు గోదాము యజమాని ఘాజియాబాద్ నుంచి వచ్చాడు. డైరెక్టరు ఆయన్ని వెంటబెట్టుకుని హాలంతా చూపించాడు. మేనేజరు ముందు నడుస్తూ, పాత పొరపాట్లు ఇక ఉండవని నా వైపు చూసి చెప్పి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద రిపోర్టు అడిగాడు. తెరలన్నీ ఆగిపోయాయి.

"కోయీ బాత్ నహీ సర్, ఏక్ మినిట్" అంటూ లోపలి గదిలోకి దారి తీశాడు. అందరూ వెనకే వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన బొత్తాం నొక్కాడు. ఏమీ కాలేదు. నవ్వుతూ మళ్ళీ నొక్కాడు. బొటనవేలు పెట్టి నొక్కాడు. ఏసీ గదిలో ఆ మనిషి మెడ మీద చెమట దిగడం చూశాను, కళ్ళు తిప్పుకోకుండా చూశాను. వెనక గోడకున్న ప్లగ్గు వైపు ఒక చూపు చూశాడు గాని, గోదాము యజమాని ముందు ప్లగ్గు పీకడానికి మొహం చెల్లలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"బటన్ ఖరాబ్ హై క్యా?" అన్నాడు డైరెక్టరు.

"నహీ సర్" అన్నాను గుమ్మంలోంచి. "తాలా లగా హై. చాబీ మేరే పాస్ హై. పహలే మషీన్ దేఖ్ లూఁ?" తాళం వేసి ఉంది, చెవి నా దగ్గరుంది, ముందు యంత్రాన్ని చూసుకోనా అని అడిగాను.

కన్సోల్ ముందు కూర్చున్నాను. బిగుసుకున్న ఆ రిపోర్టు పనిని వెతికి చంపాను. బయట తెరలు ఒక్కొక్కటే కదిలాయి. అందరినీ తమ పని భద్రం చేసుకోమని వాళ్ళ తెరల మీదికి కబురు పంపాను. తరువాత యంత్రాన్ని మెల్లగా ఆపాను, నా భాషలో కట్టేశాను. చున్నీ ముడి విప్పి, తాళంచెవి పెట్టి తిప్పాను. లేచింది. హాల్లోంచి దీదీ తన ఆర్డర్లు చూసుకుని, "సబ్ హై" అని అరిచింది. ఒక్క వరస కూడా పోలేదు.

"తాళం సంగతి నాకెవరూ చెప్పలేదు సర్" అన్నాడు మేనేజరు హిందీలో.

"చెప్పాను సర్, అందరి ముందూ. కట్టేశాను అన్నాను."

ఆయన నా వైపు తిరిగి తెలుగులో మండిపడ్డాడు. "అంటే బంద్ చేసిన అనే గద, నీ భాషల!"

"మీ భాషలో చెప్పాను సార్. బర్రెను కట్టేసినట్టు."

ఏమంటున్నారు మీరిద్దరూ అని డైరెక్టరు అడిగాడు. ఇన్నాళ్ళూ నోట్లో నానబెట్టుకున్న హిందీ అంతా అప్పుడు బయటికి తీశాను. ఒకటే మాట, మా వైపు ఆపేయడం, వాళ్ళ వైపు కట్టి పడేయడం. కర్వా చౌత్ నాడు ఫోన్లో నేను ఆ మాట అన్న మాట నిజం. కాని దాని ముందు ఇంకో మాట ఉంది. అది ఆయన మీకు చెప్పలేదు. ఏమిటో ఆయన్నే అడగండి సర్.

"క్యా థా?" అన్నాడు డైరెక్టరు.

"యాద్ నహీ సర్."

"యాద్ కీజియే" అన్నాడు డైరెక్టరు, గుర్తు తెచ్చుకోవలసిందే అన్నట్టు.

దీదీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేనేజరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. మింగలేక కక్కలేక, చివరికి కక్కాడు.

"మెల్లగా."

"మత్‌లబ్?"

"ఆరామ్ సే" అన్నాడు నేల చూస్తూ.

దీదీ ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకుంది. ఆరామ్ సే. తరువాత ఆయన వైపు చూసిన చూపు ఉంది చూశారూ, దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలనిపించింది. మధ్యాహ్నం తన డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, పరాఠా సగానికి తుంచింది. మామిడికాయ ఆచార్ ఎక్కువే వేసింది.

ఆ వారంలోనే నన్ను పర్మనెంటు చేశారు. ఆ కాయితం మీద సంతకం మేనేజరే పెట్టాలి, పెట్టాడు. తాళంచెవి నా దగ్గరే ఉండాలని డైరెక్టరు అందరి ముందు చెప్పాడు. మేనేజరు కునుకు కూడా ఏసీ గది నుంచి తన కుర్చీలోకి మారింది.

కొన్నాళ్ళకు, భోజనాల వేళ హాలంతా ఖాళీగా ఉన్నప్పుడు ఆయన కన్సోల్ దగ్గరికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"చాబీ ఇయ్యమ్మా. మేనేజర్ని గద, నా దగ్గర గూడ ఉండాలె. నలుగుర్ల బాగుండదు. మనం మనం తెలుగోళ్ళం."

చాలా మెల్లగా అడిగాడు. ఇవ్వలేదు.