పరిచయభాగ్యం

ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆ ఇంజనీరమ్మ పొద్దున్నే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కుకు ఆనించుకుని, ఉద్యోగాల సైటులో పరిచయం కోరినవాళ్లను వంకాయల్లో పుచ్చులు ఏరినట్టు ఏరుతుంది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన పాత మేనేజరే ఇవాళ అందులో తగిలాడు. ‘మీతో పరిచయభాగ్యం ఇంతవరకు కలగలేదు’ అని రాశాడు.

“భాగ్యమట! నా డ్రాయింగుల మీద తన పేరు వేసుకున్నప్పుడు నేనెవరో ఆయనగారికి తెలియదా?”

పక్క నుంచి ఫోనులోకి తొంగిచూసిన చెల్లెలు తల పట్టుకుంది. “కోపం కూడు పెట్టదక్కా. ఆయన కొత్త కంపెనీలో నీ పనికే మనిషి కావాలట. ఊఁ అనవే తల్లీ!”

అక్క వేలు కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత ‘వద్దు’ అన్న మీట నొక్కింది.

‘ఈ వ్యక్తి మీకు తెలియదా?’ అని సైటు అడిగింది.

“తెలుసు కాబట్టే!” అని ఫోను మీద అరిచింది. ఆ జవాబుకు అక్కడ మీట లేదు.