నూలు కట్టని సంచీ

పోయిన వారం మా అమ్మాయి వేలూరుకు వచ్చి, నన్ను బాగుచేయడం ఇక కుదరదని తేల్చుకుని, నా ఇంటిని బాగుచేయడానికి పూనుకుంది. ఆమె తప్పేమీ లేదు. నా బీరువా తెరిస్తే బట్టలే ముందుకొచ్చి పలకరిస్తాయి; ఉప్పు కోసం వెతికితే ఎప్పుడో పోయిన కత్తెర దొరుకుతుంది. ఫోనులో చూసి నేర్చుకున్న విద్యనంతా ప్లాస్టిక్ డబ్బాల్లోకి దించుతూ, "ఒక్కో వస్తువుకు ఒక్కో చోటుండాలమ్మా, అప్పుడే ఇల్లు ఎప్పటికీ నీటుగా ఉంటాది" అంది. అలా సర్దుకుంటూ పోయి తలుపు వెనకున్న మేకు దగ్గర ఆగి, "దీనికి నువ్వేమీ తగిలించవు గదా, పీకేద్దునా?" అని అడిగింది.

ఆ మేకు మా మేనత్తది. గుడియాత్తంలో మా తాత కట్టిన ఇంట్లో పెదనాన్న, నాయన, చిన్నాన్న ముగ్గురూ కలిసే ఉండేవారు. వాళ్ళందరికన్నా పెద్దది అత్త. పెళ్ళయిన కొత్తలోనే మామ పోతే పుట్టింటికి వచ్చేసి, తమ్ముళ్ళ సంసారాలు సర్దిపెడుతూ ఉండిపోయింది. ఆ ఇంట్లో మనుషులకన్నా వస్తువులే ఆమె మాట ఎక్కువగా వినేవి. చేటలు పెద్దదాని పక్కన చిన్నదిగా గోడకు వేలాడేవి. ఊరగాయ జాడీల మూతిగుడ్డలు ఏనాడూ మాసి కనిపించేవి కావు. ఎవరైనా గరిటెను కిటికీలో పెట్టి పోతే, "ఎత్తిన చోట పెట్టండప్పా, చెయ్యేమన్నా అరిగిపోతాదా?" అని ఆమె గొంతు పెరటిదాకా వినిపించేది. ఆ అరుపుల్లో సగం నామీదే. నేను ఏ వస్తువునూ ఎత్తిన చోట పెట్టిన పాపాన పోలేదు.

ఒకసారి ఒక ఇత్తడి చెంబు నాదంటే నాదని పెద్దమ్మా అమ్మా మాటలు మానుకున్నారు. ఇద్దరూ పుట్టింటినుంచి ఒకే రకం చెంబు తెచ్చుకున్నారు మరి. అత్త వెనక వీధిలో లుంగీలు నేసే మగ్గాలవాళ్ళ దగ్గరకు పోయి, మిగిలిపోయిన నూలు ముక్కలు కొంగులో వేసుకుని వచ్చింది. పెద్దమ్మ సామానుకు ఎరుపు, అమ్మ సామానుకు నీలం, పిన్నమ్మ సామానుకు పచ్చ. చెంబు మెడకు, గంగాళం చెవికి, రోకలి నడుముకు కట్టింది. తోమీ తోమీ నూలు పీచయిపోతే శుక్రవారం కూర్చుని మళ్ళీ కట్టేది. తర్వాత అది చాపలకూ దిండ్లకూ పాకింది. నా జడకు నీలం రిబ్బను కనబడితే, "నిన్ను కూడా మీ అమ్మ భాగంలో వేసేసిందా మీ అత్త?" అని పిన్నమ్మ నవ్వేది. కానీ గొడవలు నిజంగానే ఆగిపోయాయి. ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండాలి, అదొక్కటే అత్తకు కావలసింది. ఆ కప్పు తప్ప ఆమెకు ఇంకొకటి లేదు.

అయినా విడిపోయారు. నాయనకు వేలూరులో ఉద్యోగం, చిన్నాన్నకు కనియంబాడిలో అత్తగారి భూమి; కారణాలకేం, నూలుముక్కల్లాగా ఎన్నైనా దొరుకుతాయి. పంపకాలకు పళ్ళికొండనుంచి వచ్చిన బంధువుల పెద్దాయన, రెండు మూడు రోజులైనా పడుతుందని పంచెలు సంచిలో పెట్టుకుని మరీ వచ్చాడు. మధ్యాహ్నం అన్నాలవేళకే పని ముగిసింది. "నాకేం పని పెట్టినారప్పా? మీయక్క ఎప్పుడో భాగాలు పెట్టేసి ఉండాదే!" అని ఆయన నవ్వాడు. అందరూ అత్తను మెచ్చుకున్నారు. ఎరుపు ఒక మూల, నీలం ఒక మూల, పచ్చ ఒక మూల. గొడవ లేకుండా కలిసి ఉండడానికి ఆమె కట్టిన నూలు, గొడవ లేకుండా విడిపోవడానికీ అంతే చక్కగా పనికొచ్చింది. అత్త వంటింటి గడపలో నిలబడి, ఖాళీ అయిన గోడవంక చూస్తూ ఉండిపోయింది.

"సరేప్పా, ఈయమ్మ యాడుంటాది?" అన్నాడు పెద్దాయన.

నాయన పెదనాన్నవంక చూశాడు. పెదనాన్న దూలాలవంక చూశాడు. చిన్నాన్న అప్పటికే గట్టిగా బిగించిన మూటను మళ్ళీ బిగించాడు. పిన్నమ్మే తేలిక చేయబోయి, "వదినకు ఏ నూలూ కట్టలేదే!" అంది. ఒకరిద్దరు నవ్వారు కూడా.

అత్తా నవ్వింది. "నాకేమప్పా, ఉండేది ఒక సంచీ. యాడన్నా మేకుంటే చాలు."

వంతులు వేసుకున్నారు. మా వంతుకు వేలూరు వచ్చినప్పుడు, నేనిప్పుడుంటున్న ఈ ఇంట్లోనే, అమ్మ బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది. అత్త దాన్ని తుడిచి, మా దుప్పట్లే మడతపెట్టి దాంట్లో సర్దింది. తన సంచీని మాత్రం తలుపు వెనక మేకుకు తగిలించింది. "పెడితే మళ్ళీ ఎత్తల్ల గదా తల్లీ, ఇట్లే ఉండనీ" అంది. ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇల్లు అద్దంలా ఉండేది. ఆమె ఇంకో తమ్ముడింటికి వెళ్ళిన వారానికే, నా నాయకత్వంలో, మళ్ళీ మా ఇల్లయ్యేది.

ఆమె గుడియాత్తంలోనే పోయింది. పెదనాన్న వంతు ముగిసిన మర్నాడు, చిన్నాన్న వచ్చి పిలుచుకుపోతాడని సంచీ ఒళ్ళో పెట్టుకుని పొద్దున్నుంచీ అరుగుమీద కూర్చుంది. ఆయన రావడం ఆలస్యమైంది. ఆమె అలా కూర్చునే వెళ్ళిపోయింది. ఆమెను చాపమీద పడుకోబెట్టి, పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. "మా వంతు నిన్నటితో అయిపాయ గదా" అన్నాడు పెదనాన్న. "నేనింకా పిలుచుకోని పోనేలేదే!" అన్నాడు చిన్నాన్న. నాయన తన వంతు కాదు గనక తీర్పరి అయ్యాడు. చివరికి ముగ్గురూ కలిసే సాగనంపారు. విడిపోయాక వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే.

సంచీలో రెండు చీరలు ఉన్నాయి, మడత నలగకుండా. ఎవరూ సర్దవలసిందేమీ ఆమె మిగల్చలేదు.

అమ్మాయి పట్కారు పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. "ఉండనీ పాపా" అన్నాను. "ఖాళీ మేకు దేనికమ్మా?" అంది. ఆమె డబ్బాల్లో దానికి చోటు లేదు. ఇన్నేళ్ళలో కాలం మా మూడిళ్ళ కోపాలనూ చావులనూ ఒక్కొక్కటిగా ఏదో ఒక అరలోకి తోసేసింది. తలుపు వెనక వేలాడిన ఆ సంచీని ఎక్కడ పెట్టాలో మాత్రం ఆ కాలానికీ ఇంకా తెలియలేదు.